మొదటి చీటీ గణపతిది

లేబుల్ అనేది నొక్కడానికి పుట్టలేదు. కంప్యూటర్ తెర మీద "పేరు", "వయసు" అని రాసి ఉంటుందే, దాన్నే లేబుల్ అంటారు. చదువుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. బటన్‌ను నొక్కితే పని చేస్తుంది. లేబుల్ ఉలకదు, పలకదు. దాని మీద నొక్కితే ఏదో తెరుచుకోవాలంటే మనమే దానికి వేషం కట్టాలి. అక్షరాలకు నీలం రంగు వెయ్యాలి, కింద గీత గియ్యాలి, మౌస్ బాణం మీదికి రాగానే చెయ్యి బొమ్మగా మారేలా చూడాలి. ఆ పైన, నొక్కితే ఏ ఫైలు తెరవాలో చెప్పే ఒక్క వరుస కోడ్ రాయాలి. ఆ ఒక్క వరుస నేను రాశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని కళ్లు మూసుకుని అప్పజెప్పగలను.

ఊళ్లో ఎవరి నోట విన్నా సాఫ్ట్‌వేర్ మాటే వినిపించే రోజులవి. కోర్సు చేసిన ప్రతివాళ్లూ హైటెక్ సిటీ వైపు పరిగెత్తుతుంటే, నాకు మాత్రం రెజిమెంటల్ బజార్‌లో, ఒక స్టేషనరీ దుకాణం పైగదిలో ఉద్యోగం దొరికింది. మూడు కంప్యూటర్లు, ఒక ఫోను, ఒక యజమాని. చుట్టుపక్కల దుకాణాలకు, మందుల షాపులకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లం. నాకు అప్పట్లో పొగరు బాగానే ఉండేది. ఈ బజారులో నాకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు అనుకునేదాన్ని.

నేను మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో అప్ప దగ్గర ఉండేదాన్ని. మాది విజయనగరం వైపు. అక్కను మేం అప్ప అంటాం. బావ లోకో షెడ్డులో పని చేసేవాడు. అప్పకు అంతకుముందు రెండుసార్లు కడుపు వచ్చి మూడో నెలలోనే పోయింది. ఈసారి ఆరు నెలలు దాటింది. వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో రోజుకో అడ్డగీత కొట్టేది. ఆ గీత కొట్టేటప్పుడు ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. ఈ బిడ్డ దక్కాలి, అంతే. మా ముగ్గురికీ అంతకుమించి కోరికంటూ ఏదీ లేదు.

బజారు చివర ఒక రక్త పరీక్షల ల్యాబు ఉండేది. పాతది. ముందు గదిలో ఒకమ్మాయి చీటీలు రాసేది, వెనక గదిలో ఓనరు, ఆయన సహాయకుడు ట్యూబులు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఓనరు ఇంటర్నెట్ సెంటర్‌లో ఏదో చూసి వచ్చి మా దగ్గర పట్టుబట్టాడు.

"నీలం రంగు అక్షరాల మీద నొక్కంగనే పేజీ తెరుచుకుంటుంది గద బిడ్డా, గట్ల గావాలె నాకు. పేషెంటు పేరు మీద నొక్కాలె, రిపోర్టు రావాలె. ముందుగాల రక్తం కౌంటు ఒక్కటే పెడదాం. మంచిగుంటే తక్కినయి సుత షురూ చేద్దాం."

వారం రోజుల్లో చేసిచ్చాను. చీటీల అమ్మాయి పేర్లు టైపు చేస్తుంది, అవి తెర మీద ఒకదాని కింద ఒకటి లేబుళ్లుగా వస్తాయి. వెనక గదిలో ఓనరు ట్యూబు నంబరు వేసి ఫలితాలు టైపు చేస్తాడు. మొదటి పేరుకు ఒకటో ట్యూబు, రెండో పేరుకు రెండో ట్యూబు. ఫలితం వచ్చినవాళ్ల పేరు నల్లరంగులోంచి నీలంలోకి మారుతుంది, కింద గీత పడుతుంది. నొక్కితే రిపోర్టు. పేరు రెండుసార్లు టైపు చేసే బాధ లేకుండా, నొక్కిన లేబుల్ మీది పేరునే తీసుకెళ్లి రిపోర్టు పైన అచ్చు పడేలా చేశాను, నీలం రంగుతో, కింది గీతతో సహా. అది నా సొంత తెలివి. దానికి ఓనరు నన్ను ఎంత మెచ్చుకున్నాడో చెప్పలేను.

మా ఆఫీసులో పన్నెండుమంది ఉత్తుత్తి రోగుల్ని తయారుచేసి చూసుకున్నాను. బావ పేరు, నా స్నేహితురాళ్ల పేర్లు, ఇంటి పక్కవాళ్ల పేర్లు. ఏ పేరు నొక్కితే ఆ పేరు రిపోర్టే వచ్చింది. ల్యాబులో పెట్టే రోజు కొబ్బరికాయ కొట్టారు, మానిటర్‌కు బొట్టు పెట్టారు. నేను పేడా తిని వచ్చేశాను.

ఆ వారంలోనే అప్పను ల్యాబుకు తీసుకెళ్లాను. రైల్వే ఆసుపత్రికి వెళ్తే సరిపోయేది. అక్కడ రక్తం చూస్తారు, మందులిస్తారు. కానీ నా కంప్యూటర్‌ను అప్పకు చూపించుకోవాలి కదా. అప్పటికే తను ఆయాసపడుతోంది. మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేది.

"ఒంట్లో ఓపిక లేదే. కూచుంటే లెగాలనిపించదు."

"మహారాణివి కదా, ఎందుకు లేస్తావులే" అన్నాను. నవ్వింది.

మర్నాడు రిపోర్టు తీసుకోవడానికి ఇద్దరం వెళ్లాం. చీటీల అమ్మాయిని లేపి ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. ఆ రోజు పేర్ల వరుసలో మొట్టమొదట గణపతి పేరు ఉంది. వినాయకుడి పేరుతో పని మొదలుపెడుతున్నారు, మంచి పద్ధతే అనుకున్నాను. కళ్లకద్దుకున్నాను కూడా. నిజంగా చేతులు జోడించి కళ్లకద్దుకున్నాను. అప్ప పేరు కిందెక్కడో ఉంది, నీలంగా మెరుస్తోంది. "నొక్కప్పా" అని మౌస్ తన చేతికిచ్చాను. బాణం చెయ్యి బొమ్మగా మారగానే అప్ప ముఖం విప్పారింది. నొక్కింది. హిమోగ్లోబిన్ పన్నెండు పాయింట్ ఎనిమిది. ప్రింటరులోంచి కాయితం వచ్చింది, పైన తన పేరు నీలంగా.

"చూశావా, నీకేం లేదు. ఒట్టి బద్ధకం" అన్నాను. ఆ నెల ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజున బావకు డ్యూటీ పడింది. "రిపోర్టు ఇంత బాగుంటే ఇప్పుడెందుకు, వచ్చే నెల వెళ్లొచ్చులే" అన్నది కూడా నేనే. ఈ మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

మధ్యలో ల్యాబు అమ్మాయి ఒకసారి ఫోన్ చేసింది. "అక్కా, రోజూ ఆఖరు పేరు నీలంగ అయితలేదు." నేను వేరే పనిలో తలమునకలై ఉన్నాను. లోపల ఫలితం టైపు చేసి ఉండరు, చూసుకోమన్నాను. "చేసిన్రు అక్కా. నేనే లోపలి ఫైలు తెరిచి, పేరు పెన్నుతోని రాసిస్తున్న" అంది. సరే, అలాగే ఇవ్వు, తీరికైనప్పుడు వచ్చి చూస్తానన్నాను. తీరిక అవలేదు.

మూడు వారాలు గడిచాక ఒక ఉదయం పదకొండు గంటలకు ఓనరు నుంచి ఫోన్ వచ్చింది. "జెర తొందరగ రా బిడ్డా. ఈడ పెద్ద లొల్లి అయితుంది."

వెళ్లేసరికి స్టీలు సామాన్ల దుకాణం సేటు కౌంటరు మీద రెండు కాయితాలు పరిచి నిలబడి ఉన్నాడు. గుమ్మం నిండా ఉన్న మనిషి. బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఒక కాయితం మా కంప్యూటర్‌ది, హిమోగ్లోబిన్ ఆరు అని ఉంది. రెండోది ముందురోజు ఇంకో చోట చేయించుకున్నది, పదిహేను అని ఉంది.

"మూడు వారాలు! రక్తం లేదని డాక్టరు ఇనుము గోళీలు రాసిండు, సూదులు పొడిచిండు. ఖర్జూరాలు తిని తిని కడుపంత పరేషాన్ అయింది. మా ఇంటామె ఏడుసుడే ఏడుసుడు. ఏందీ తమాషా?"

ఓనరు నా వైపు చూశాడు. వెనక గది పుస్తకంలో ఈయన ఫలితం పదిహేనే రాసి ఉందిట. అంటే రక్తం సరిగ్గానే చూశారు, కంప్యూటర్ తప్పు చూపించింది. అలా జరగడానికి వీల్లేదన్నాను. కుర్చీలో కూర్చున్నాను.

తెర మీద ఆ రోజు పేర్లున్నాయి. మొదట గణపతి. ఆ పేరు నీలంగా ఉంది. కింద గీత ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఫలితం వస్తేనే కదా పేరు నీలంగా మారాలి? గణపతికి ఫలితమెక్కడిది?

నొక్కాను. రిపోర్టు తెరుచుకుంది. పైన గణపతి పేరు. హిమోగ్లోబిన్ పదకొండున్నర. తెల్ల కణాలు ఇన్ని, ఎర్ర కణాలు ఇన్ని.

"ఇదేంటి?" అన్నాను.

"దేవుని చీటీ అక్కా" అంది అమ్మాయి. "పొద్దుగాల మొదటి చీటీ ఆయనదే గద. రోగమోళ్ల పేరుతోని దినం షురూ చెయ్యొద్దని సారు చీటీ బుక్కు పెట్టినప్పటి సంది గంతే."

"మరి ట్యూబు నంబరు?"

"దేవునికి ట్యూబేముంటదక్కా? చీటీ నంబరుల ఒకటి తీసేస్తే ట్యూబు నంబరు."

ఎవరికైనా తెలిసిన విషయమే అన్నట్టు చెప్పింది. వాళ్లకు తెలుసు. ఏళ్ల తరబడి చేత్తో రాసుకున్నంతకాలం ఎవరూ పొరపాటు పడలేదు. నేను అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాళ్లు. అడగాలని నాకు తోచలేదు. నా ప్రోగ్రాములో ఒకటో పేరుకు ఒకటో ట్యూబు. ఒకటో పేరు దేవుడిది, ఒకటో ట్యూబు మొదటి మనిషిది. అక్కణ్నుంచి ప్రతి మనిషికీ తన తర్వాతి మనిషి రక్తం అంటగట్టాను. ఆఖరివాళ్లకు ఏమీ మిగల్లేదు. అందుకే ఆ పేరు నీలంగా మారలేదు. నా తెలివి పుణ్యమా అని కాయితం మీద పేరు మాత్రం ఎవరిది వాళ్లకే పడింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

సేటు పరీక్ష చేయించుకున్న తేదీ చూశాను. ఆ రోజు జాబితా తెరిచాను. ఆ తేదీ నాకు గుర్తుంది. సేటు పేరు. దాని కింద మా అప్ప పేరు.

ఆరు. ఆ ఆరు మా అప్పది. మా అప్ప మింగాల్సిన మాత్రలు మూడు వారాలుగా ఈ సేటు మింగుతున్నాడు.

ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. పుస్తకం తీయించి ట్యూబు నంబరు చూశాను. అప్ప పేరుకు ఎదురుగా ఓనరు చేత్తో రాసిన ఆరు ఉంది, కింద ఎర్ర సిరాతో గీత కూడా ఉంది. ఓనరు తన రాతను తనే మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే ఉంటారనుకున్నాడు. అనుకోకేం చేస్తాడు?

ఫోను అందుకున్నాను. మా ఇంట్లో ఫోను లేదు, పక్క క్వార్టర్ వాళ్ల నంబరుకు చేశాను. ఎంతసేపు మోగిందో. చివరికి పక్కింటి పెద్దావిడ తీసింది. "మీ అక్కా? పొద్దున్నుంచి బయటికి రాలేదమ్మా. తలుపు దగ్గరగా వేసి ఉంది, పడుకుందేమోనని పిలవలేదు" అంది. పిలవండి, ఇప్పుడే వెళ్లి చూడండి అని అరిచాను. లైను తెగింది.

"తక్కినోళ్ల సంగతి నేను సూసుకుంట. నువ్వు పో బిడ్డా, పో" అన్నాడు ఓనరు. సేటు తన కాయితం నా చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

ఆటో ఎక్కాను. స్టేషను ముందు కదలదు. ఏదో రైలు దిగినట్టుంది, మూటలూ పెట్టెలూ కూలీలూ రోడ్డంతా పరుచుకున్నారు. దిగి పరిగెడదామా అనుకున్నాను, పరిగెత్తితే ఎంత దూరం? చిలకలగూడ దాటేదాకా ఆ సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, దేవుడా దేవుడా అనబోయి ఆగిపోయాను. ఏ దేవుణ్ని తలుచుకున్నా మొదటి వరుసలో నీలంగా ఆ పేరే కనిపిస్తోంది. ఆయన మీద కోపం వచ్చింది. అంతలోనే ఆయనదేముంది అనిపించి, నా మీద నాకే అసహ్యం వేసింది. బద్ధకమన్నాను. మహారాణి అన్నాను. అదే తలుచుకుంటూ పళ్లు నూరుకున్నాను.

అప్ప వంటింట్లో గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. పక్కింటి పెద్దావిడ మంచినీళ్లు పట్టుకుని నిలబడింది. స్టవ్ మీద ఏదో మాడిపోయి ఇల్లంతా పొగ.

"ఏటే, ఈ వేళప్పుడు వచ్చీసేవు? ఆఫీసు లేదేటి?"

కింది రెప్ప లాగి చూశాను. లోపల ఎర్రదనమన్నది లేదు. సున్నం వేసినట్టుంది. నిన్న లేదా ఆ తెలుపు? మొన్న లేదా? ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర కూర్చుని తింటూ నేను మనిషిని చూడలేదు. కాయితాన్ని చూశాను.

ఆటోవాణ్ని ఆపే ఉంచాను. అప్పను ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. దారిలో అడిగింది, నా భుజం మీద తల పెట్టుకుని.

"ఏటయిందే? నిజం చెప్పు."

"కంప్యూటర్లో చూశానప్పా. నీకు రక్తం తక్కువుంది."

"మొన్న బాగుందన్నావు కదే."

అక్కడ చెప్పేసి ఉండాల్సింది. ఆ ఆటోలో, అప్పుడే. కానీ ఆ స్థితిలో ఉన్న మనిషికి ఎలా చెప్పను?

"అప్పుడు బాగుంది. ఇప్పుడు తగ్గింది" అన్నాను.

అప్ప తల ఊపింది. కడుపు మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంది.

ఆసుపత్రిలో పరీక్ష చేస్తే ఐదే ఉంది. బావ షెడ్డులోంచి అదే నూనె బట్టలతో వచ్చాడు, వెంట ఐదారుగురు తోటివాళ్లు. నలుగురి రక్తం సరిపోయింది. నాది సరిపోలేదు. ఒక్క నెల ముందు వచ్చి ఉంటే మందులతోనే సర్దుకునేదని డాక్టరమ్మ అంది. తిట్టినట్టు కాదు, మామూలుగానే అంది. బావ నా వైపు చూశాడేమోనని నేను తలెత్తలేదు.

నాలుగో రోజున నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడవలేదు. అప్పటికి ఎనిమిదో నెల. నెల తక్కువైనా దక్కుతుందని ఆ మూడు రోజులూ ఎంతమందిని బతిమాలానో, ఎన్ని మొక్కులు మొక్కానో. ఒక్క గణపతికి మాత్రం మొక్కలేదు. అప్ప దక్కింది. అది కూడా అంత తేలిగ్గా కాదు.

వారం తర్వాత ల్యాబుకు వెళ్లాను. ఓనరు, చీటీల అమ్మాయి మూడు వారాల చీటీలన్నీ ముందేసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. చాలామందిని పిలిపించి మళ్లీ రక్తం తీశారు. కొందరి ఇళ్లకు తాళాలు. ఒకరిద్దరి చిరునామాలే దొరకలేదు. వాళ్లెవరో, వాళ్ల చేతిలో ఎవరి కాయితం ఉందో నాకిప్పటికీ తెలియదు. ఒక్కోసారి బస్సులో పాలిపోయిన మొహం ఎదురైతే చూపు తిప్పుకుంటాను.

కోడ్ సరిచేశాను. దేవుడి చీటీ అలాగే ఉంచమన్నాను, ఆయన్నెందుకు తీయడం. చీటీ నంబరులోంచి ఒకటి తీసేసేలా ఆ వరుస మార్చాను. అర నిమిషం పట్టింది. గణపతి పేరు మీద నొక్కి చూశాను. నల్లగానే ఉంది, ఏమీ తెరుచుకోలేదు. తల కౌంటరు మీద పెట్టుకుని ఏడ్చాను. అంత ఏడుపు ఆసుపత్రిలో కూడా రాలేదు.

"మీ అక్కకు చెప్పినవా?" అని అడిగాడు ఓనరు.

"చెప్తాను సార్" అన్నాను.

అప్పకు తర్వాత పిల్లలు కలగలేదు. బావ రిటైరయ్యాడు. మెట్టుగూడలోనే రెండు గదుల ఇల్లు కొనుక్కుని ఉంటున్నారు. ఇంటికెవరొచ్చినా అప్ప నా గురించి చెబుతుంది. "మా చెల్లి కంప్యూటర్లో చూసి పరుగెట్టుకొచ్చింది కాబట్టి నేనున్నాను. లేపోతే ఆ పిల్లతోపాటు నేనూ పోదును." వింటున్నవాళ్లు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను లేచి మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోతాను.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. తను కాస్త కోలుకోనీ అనుకున్నాను. తర్వాత, కోలుకున్న మనిషిని మళ్లీ ఎందుకు కుమిలిపోయేలా చెయ్యాలి అనుకున్నాను. అదంతా అప్ప మీది ప్రేమేనని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. తను నన్ను చూసే చూపు పోతుందని భయం.

మొన్న వెళ్లినప్పుడు అప్ప బీరువా సర్దుతోంది. చీరల అడుగునుంచి ప్లాస్టిక్ కవరు ఒకటి తీసింది. అందులో ఆ కాయితం. మడతల దగ్గర చిరుగు పట్టింది, నీలం కొద్దిగా వెలిసింది, కింది గీత మాత్రం అలాగే ఉంది. పన్నెండు పాయింట్ ఎనిమిది.

"నీ కంప్యూటర్లో వచ్చిన కాయితమే. పారీబుద్ధి కాలేదు" అంది. ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "చూడు, ఈ కాయితం నాటికి నా ఒంట్లో రక్తం ఎంత బాగుందో. ఆ మూడు వారాల్లో నేనే ఏటో చేసుకున్నానే. సరిగ్గా తిన్నాను కాదు. నా పిల్లని నేనే పోగొట్టుకున్నాను."

ఇన్నేళ్లుగా అప్ప అలా అనుకుంటోందని నాకు తెలియదు. కాయితం మళ్లీ మడిచి, జాగ్రత్తగా కవరులో పెట్టి, చీరల కింద దాచింది. ఆ కాయితంలో పేరొక్కటే తనదని నేను అప్పుడూ చెప్పలేదు.